కెమేరా కన్ను: దుర్గం చెరువు దాటాకే దూరప్రయాణం

"ఏ లెన్సు కొనమంటారు?"

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి హాస్టళ్ళలో ఉండే కుర్రకారు ఈ మధ్య ఎక్కడ తగిలినా అడిగే ప్రశ్న ఇదే. ఉద్యోగం వచ్చింది. వాయిదాల మీద మిర్రర్‌లెస్ కెమేరా కూడా వచ్చేసింది. సెలవులకు అరకో, హంపీయో, ఏకంగా లడాఖో ప్రయాణం! ఇక మిగిలింది లెన్సు. షాపువాడు మూడు చూపిస్తాడు. రూమ్మేటు నాలుగోది చెబుతాడు. బ్యాగు నిండుతుంది, జేబు ఖాళీ అవుతుంది. తీరా తిరిగొచ్చి చూసుకుంటే రెండువేల ఫోటోలు, గోడకు తగిలించడానికి ఒక్కటీ ఉండదు!

నా జవాబు విని నిరుత్సాహపడకండి. ఇప్పుడే ఏదీ కొనకండి! ఒక్క ఆదివారం ఆగండి.

కొత్త హీరోయిన్‌కి స్క్రీన్ టెస్టు చేయకుండా ఏ నిర్మాతా అడ్వాన్సు చేతిలో పెట్టడు కదా! మరి లెన్సుకు మాత్రం టెస్టు లేకుండా నెల జీతం ఎందుకివ్వాలి? ఆ టెస్టుకు అరకు వెళ్ళనక్కర్లేదు. కొండలున్నాయి, చెరువుంది, వంతెన ఉంది, అద్దాల మేడలున్నాయి, జనం ఉన్నారు. అన్నీ సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలోనే!

అద్దం పోయింది, ఏం మిగిలింది?

ముందు ఈ మిర్రర్‌లెస్ సంగతి రెండు ముక్కల్లో. పాత ఎస్సెల్లార్ కెమేరాలో లెన్సు వెనక చిన్న అద్దం ఏటవాలుగా నిలబడి, దృశ్యాన్ని పైకి, మన కంటికి పంపేది. మీట నొక్కగానే ఆ అద్దం లేచి ఫిల్ముకు దారి ఇచ్చేది. 'టపుక్కు'మనే చప్పుడులో సగం దానిదే. ఆ అద్దాన్ని తీసేసి, సెన్సర్ మీద పడే బొమ్మనే బుల్లితెర మీద చూపిస్తే అది మిర్రర్‌లెస్. (సెన్సర్ అంటే సినిమాలకు కత్తెర వేసే సెన్సారు కాదు సుమండీ! ఫిల్ము బదులు వెలుతురును పట్టుకునే చిప్పు.) 2008లో పానాసోనిక్ జి1తో ఈ దారి తెరుచుకుంది. 2018 నాటికి కెనన్, నైకాన్ కంపెనీలు కూడా ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లతో ఈ దారికే వచ్చాయి.

దీనివల్ల మనకు ఒరిగిందేమిటి? ఫోటో ఎలా రాబోతోందో నొక్కకముందే కనిపిస్తుంది. వెలుతురు ఎక్కువైందా, తక్కువైందా, ఫిల్టరు ఏం చేస్తోంది, అంతా కళ్ళెదుటే! పాతరోజుల్లో మన కెమేరామన్లు ఔట్‌డోర్లో తీసిన నెగెటివు మద్రాసు లేబరేటరీకి వెళ్ళి, కడిగి, రష్ ప్రింటు వస్తేగానీ తమ పని ఎలా ఉందో చూసుకోలేకపోయేవారు. ఆ సస్పెన్సు మీకు లేదు. అదృష్టవంతులు!

"నాది చిన్న సెన్సర్ అండీ, ఫుల్ ఫ్రేమ్ కాదు" అని దిగులుపడేవాళ్ళు ఒక లెక్క వినండి. ఫుల్ ఫ్రేమ్ అంటే 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. తక్కువ ధరలో దొరికే ఎపిఎస్-సి సెన్సర్ సుమారు 23.5 x 15.6 మిల్లీమీటర్లు. మరి ఆనాటి 35 ఎమ్మెమ్ సినిమా ఫిల్ములో ఒక్కో ఫ్రేము సైజెంతో తెలుసా? సుమారు 22 x 16 మిల్లీమీటర్లు! అంటే 1957లో మార్కస్ బార్‌ట్లే గారు 'మాయాబజార్' పడవ పాటలో వెన్నెల కురిపించింది దాదాపు మీ చిన్న సెన్సరంత జాగాలోనే. 2023లో వచ్చిన 'ది క్రియేటర్' అనే హాలీవుడ్ భారీ చిత్రాన్ని సోనీ ఎఫ్ఎక్స్3 మీద తీశారు. అరచేతిలో ఇమిడే కెమేరా అది. కాబట్టి బాడీ గురించి బెంగ వద్దు. ఆలోచించాల్సింది లెన్సు గురించి.

నిలబడే చోటే లెన్సు

చాలామంది పొరపాటంతా ఇక్కడే. పొడుగు లెన్సు దూరాన్ని దగ్గర చేయడానికీ, వెడల్పు లెన్సు ఎక్కువ దృశ్యం పట్టించడానికీ అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, లెన్సు మిమ్మల్ని ఎక్కడ నిలబెడుతుందో దాన్నిబట్టి కథే మారిపోతుంది!

నమ్మకం లేదా? కెమేరాతో పాటు వచ్చిన 18-55 లెన్సుతోనే చేసి చూడండి. దుర్గం చెరువు ఒడ్డున, వెనక తీగల వంతెన కనబడేలా స్నేహితుణ్ణి నిలబెట్టండి. 18 దగ్గర పెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి ఒక ఫోటో తీయండి. ఇప్పుడు ఆరు మీటర్ల దూరానికి వెనక్కి వెళ్ళి, లెన్సును 55కి తిప్పి రెండోది తీయండి. రెండిట్లోనూ స్నేహితుడు అంతే సైజులో ఉంటాడు. వంతెన మాత్రం రెండో ఫోటోలో దాదాపు మూడింతలై అతని భుజాల మీదకు వచ్చేస్తుంది! ఎందుకంటే మీరు నాలుగు మీటర్లు వెనక్కి జరిగితే స్నేహితుడికి అది పెద్ద తేడా, వందల మీటర్ల అవతల ఉన్న వంతెనకు లెక్కలోకే రాదు.

మొదటి ఫోటో "మావాడు చెరువు దగ్గరకు వెళ్ళాడు" అంటుంది. రెండోది "మావాడి వెనక ఎంత వంతెన ఉందో చూడండి" అంటుంది. పాటల్లో హీరోయిన్ వెనక కొండ అంత పెద్దగా ఎలా ఉంటుందని ఆశ్చర్యపోయేవారు కదూ? రహస్యం ఇదే. కెమేరా దూరంగా ఉంది, లెన్సు పొడుగ్గా ఉంది, అంతే!

సినిమా వాళ్ళు దృశ్యాన్నిబట్టి లెన్సు మారుస్తారు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రంగా వచ్చినప్పుడు వి.ఎస్.ఆర్. స్వామి గారి కెమేరాకు అనామార్ఫిక్ లెన్సులు కావలసివచ్చాయి. దృశ్యాన్ని అడ్డంగా నొక్కి ఫిల్ములో ఇరికించి, థియేటర్లో మళ్ళీ విప్పే లెన్సులవి. కథకు మన్యం కొండలంత వెడల్పు తెర కావాలి, అందుకని ఆ లెన్సు. మీ ప్రయాణానికి ఏం కావాలి? అది తేలకుండా షాపు మెట్లెక్కకండి.

వసూళ్ళ లెక్క

అది తేల్చడానికే ఆదివారం టెస్టు. ఉదయం నుంచి రాత్రి దాకా చేతిలో ఉన్న ఒకే లెన్సుతో రెండువందల ఫోటోలు తీయండి. ఇంటికొచ్చి మంచివి ముప్ఫై ఏరండి. ప్రతి ఫోటో వివరాల్లో అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో కెమేరాయే రాసి పెడుతుంది. ఇక ఏ సెంటర్లో ఎంత వసూలైందో డిస్ట్రిబ్యూటర్ లెక్క చూసినట్టు చూడండి.

ముప్ఫైలో ఇరవై 18 దగ్గరే ఉన్నాయా? గోడకు వీపు ఆనించి, "ఇంకా వెనక్కి పోవడానికి చోటు లేదే" అనుకున్నారా? మీకు కావలసింది 10-18 లాంటి వెడల్పు లెన్సు. ఎక్కువ 55 దగ్గర ఉన్నాయా? "ఇంకొంచెం దగ్గరగా వస్తే బాగుండు" అనిపించిందా? అయితే 55-210, 70-300 లాంటి పొడుగు జూమ్ వైపు చూడండి. ఫోటోలు అన్నిచోట్లా పంచుకుని ఉండి, చీకటి పడ్డాక తీసినవి మాత్రం అలుక్కుపోయాయా? మీకు జూమ్ అక్కర్లేదు. ఎఫ్ 1.8 ఉన్న చిన్న ప్రైమ్ లెన్సు చాలు. మామూలు జూమ్ చివర్లో ఉండే ఎఫ్ 5.6తో పోలిస్తే అది దాదాపు పదిరెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది.

ప్రైమ్ కొనేవాళ్ళకు ఒక మాట. "అందరూ 50 అంటున్నారు" అని చిన్న సెన్సర్‌కి 50 కొంటే అది ఫుల్ ఫ్రేమ్ మీద 75లా చూస్తుంది. ఇరానీ హోటల్లో ఎదురుకుర్చీలో కూర్చున్న మనిషి మొహం తప్ప ఏమీ పట్టదు! మీకు 35 గానీ, ఇంకా వెడల్పుగా 23, 24 గానీ సుఖం.

లెక్క తేలాక కూడా ముందు అద్దెకు తెచ్చుకోండి. కెమేరా సామాను రోజు అద్దెకిచ్చేవాళ్ళు హైదరాబాదులో బోలెడంత మంది ఉన్నారు. ఒక శనివారం, ఒక ఆదివారం వాడి చూశాకే కొనుగోలు మాట.

ఇంట్లో బీరువా కూడా ఓసారి వెతకండి! తాతగారి పాత పెంటాక్స్ కెమేరా ఉందేమో. మధ్యలో అద్దం లేదు కనక మిర్రర్‌లెస్‌లో లెన్సుకూ సెన్సర్‌కూ దూరం తక్కువ. సోనీలో 18 మిల్లీమీటర్లు, నైకాన్ జెడ్‌లో 16. పాత నైకాన్‌లో అది 46.5. ఆ ఖాళీలో ఒక చవక అడాప్టరు దూర్చితే పాత లెన్సు కొత్త కెమేరాకు చక్కగా అతుకుతుంది. ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ముందుగా లెన్సును దీపం ఎదురుగా పెట్టి చూడండి. లోపల సాలెగూడులా తెల్లటి దారాలు కనబడితే అది బూజు. అలాంటిది వద్దు.

ఫిల్టర్లు: ఎవరికి పెన్షన్, ఎవరికి ప్రమోషన్?

బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో కెమేరామన్ పెట్టెలో పసుపు, నారింజ, ఎరుపు ఫిల్టర్లు తప్పనిసరి. ఎర్ర ఫిల్టరు వేస్తే నీలాకాశం నల్లబడుతుంది, పట్టపగలే రాత్రిలా కనిపిస్తుంది. రంగుల ఫిల్ము వచ్చాక '85' అనే నారింజ ఫిల్టరు ఔట్‌డోర్లో నిత్యావసరమైంది. స్టూడియో దీపాలకు తయారైన ఫిల్ము ఎండలో నీలంగా మారకుండా కాపాడేది. ఇవాళ ఆ పనులన్నీ కెమేరాలోనూ కంప్యూటర్లోనూ అయిపోతాయి. వాటన్నిటికీ పెన్షన్ ఇచ్చేశాం.

షాపువాడు లెన్సుతో పాటు అంటగట్టే యు.వి. ఫిల్టరు కూడా దాదాపు పెన్షనరే. సెన్సర్ ముందు ఆ పని చేసే అద్దం ముందే ఉంటుంది. సముద్రపు తుంపర, దుమ్ము నుంచి రక్షణకు ఉంచుకోండి, కాదనను. రాత్రి వంతెన దీపాలు తీసేటప్పుడు మాత్రం విప్పేయండి. చవకరకం అద్దమైతే ఒక్కో దీపానికి ఒక్కో దయ్యం పుట్టిస్తుంది!

కంప్యూటర్ చేయలేని పని చేసేవి ముఖ్యంగా రెండే. ఒకటి పోలరైజర్, రెండోది ఎన్.డి.

పోలరైజర్ పని చూడటానికి హైటెక్ సిటీని మించిన బడి లేదు. ఊరంతా అద్దమే కదా! అద్దం మీద, నీటి మీద పడి తుళ్ళిన వెలుతురును ఇది వడకడుతుంది. అద్దాల గోడకు సూటిగా ఎదురు నిలబడితే ఏమీ జరగదు. పక్కకు జరిగి, ఏటవాలుగా చూస్తూ ఫిల్టరు తిప్పండి. ప్రతిబింబం కరిగిపోయి లోపలి కుర్చీలు కనబడతాయి. అద్దంలో తళుక్కుమనే లోహపు పూత ఉంటే మాత్రం పూర్తిగా పోదు. ఆకాశం విషయంలో సూర్యుణ్ణి మీ భుజం వైపు ఉంచుకోండి, నీలం చిక్కబడుతుంది. కానీ బాగా వెడల్పు లెన్సు మీద వాడితే ఆకాశం ఒక మూల నల్లగా, మరో మూల తెల్లగా మచ్చలు కడుతుంది. కారు కిటికీలోంచి తీసేటప్పుడు కూడా వద్దు. గట్టిపరిచిన అద్దంలో రంగురంగుల మరకలు బయటపడతాయి. ఇంకో సంగతి, ఇది ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు మింగేస్తుంది. చీకటి పడ్డాక బ్యాగులో పెట్టేయండి.

ఎన్.డి. అంటే కెమేరాకు నల్లకళ్ళజోడు. రంగు మార్చదు, వెలుతురు తగ్గిస్తుంది. ఆరు స్టాపుల ఎన్.డి. వెలుతురును 64వ వంతు చేస్తుంది. కుంటాల, బొగత జలపాతాల దగ్గర నీడలో సెకనులో 30వ వంతు అవసరమైనచోట, ఇది తగిలిస్తే రెండు సెకన్లు తెరిచి ఉంచవచ్చు. నీళ్ళు పాలనురగలా దిగుతాయి. షార్ట్ ఫిల్ము తీసే వీరులకైతే ఇది ప్రాణం! సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో కదలిక సహజంగా కనబడాలంటే షట్టరు సెకనులో 50వ వంతు దగ్గర ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఐ.ఎస్.ఓ. 100, ఎఫ్ 2.8 పెడితే కెమేరా 3200వ వంతు అడుగుతుంది. ఆ రెంటికీ మధ్య తేడా సరిగ్గా 64 రెట్లే!

ప్రతి లెన్సుకూ విడివిడిగా కొనకండి. మీ లెన్సుల్లో పెద్ద మూతి దేనిదో దాని సైజు (67, 77 లాంటి అంకె మూత వెనక ఉంటుంది) ఫిల్టరు ఒకటి కొని, చిన్న లెన్సులకు స్టెప్-అప్ రింగులు వేసుకోండి. మిగిలిన డబ్బుతో రెండో బ్యాటరీ వస్తుంది. బుల్లితెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది కనక మిర్రర్‌లెస్‌కి ఆకలెక్కువ!

ఆదివారం కాల్‌షీట్

ఉదయం ఆరు: దుర్గం చెరువు నడకదారి. ఎండ జూబ్లీహిల్స్ వైపు నుంచి వస్తుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకు నీళ్ళిచ్చిన చెరువిది. 2020 సెప్టెంబరు 25న తెరిచిన తీగల వంతెన నడిమి గెంతు 234 మీటర్లు. స్నేహితుడితో ఇందాకటి ప్రయోగం ఇక్కడే. వంతెన మీద బండి ఆపి తీయకండి. పోలీసులు జరిమానా వేస్తారు, అంతకన్నా ముందు వెనక వచ్చే కారు ఉంటుంది!

పదకొండు: శిల్పారామం. చేతివృత్తులవాళ్ళు, రంగులు, వేళ్ళు, నవ్వులు. "అన్నా, ఒక ఫోటో తీసుకోనా?" అని అడిగి తీయండి. అడిగి తీసిన మొహంలో ఉండే వెలుగు పొడుగు లెన్సుతో దొంగతనంగా తీసినదాంట్లో ఉండదు. లెన్సు మార్చాలంటే కెమేరా ఆపి, మూతి కిందికి పెట్టి మార్చండి. చుట్టూ కట్టడాల దుమ్ము, సెన్సర్‌కు అడ్డుగా అద్దం కూడా లేదు!

సాయంత్రం: సైబర్ టవర్స్. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన ఈ గుండ్రటి భవనంతోనే హైటెక్ సిటీ కథ మొదలు. కెమేరాను పైకెత్తితే భవనం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. ఎత్తకుండా సమంగా పట్టి, వెనక్కి నడవండి. సూర్యాస్తమయం తర్వాత ఇరవై నిమిషాలు ఆగితే ఆకాశం నీలం, గదుల్లో దీపాలు సమానంగా తూగుతాయి. 'ముత్యాల ముగ్గు' (1975)కి రంగుల ఛాయాగ్రహణంలో జాతీయ బహుమతి అందుకున్న ఇషాన్ ఆర్య గారి ఫ్రేముల్లో వెలుతురును గమనించండి. వేళ తెలిసినవాడికే అది చిక్కుతుంది. ఆఫీసు ఆవరణల్లో సెక్యూరిటీ వద్దంటే వాదించకండి, రోడ్డు మీద నుంచే బోలెడు దొరుకుతుంది.

ఎక్కడ నిలబడి చూశారు?

ఇంత చెప్పినా "ఈ సిమెంటు ఊళ్ళో ట్రావెల్ ఫోటోగ్రఫీ ఏమిటండీ?" అనేవాళ్ళుంటారు. వాళ్ళకు రాజా దీన్‌దయాళ్‌ని గుర్తుచేస్తాను. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, 1880లలో గాజు పలకల కెమేరాతో మధ్యభారతమంతా తిరిగి కోటలూ గుళ్ళూ తీసినవాడు. తరువాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యాడు. 1905లో కన్నుమూశాడు. ఆనాడు ఆయనకు ఎదురుగా రోజూ కనిపించిన వీధులే ఇవాళ మనకు అపురూపం. ఆ హైదరాబాదును చూడాలంటే ఆయన బొమ్మలే దిక్కు.

మీ హాస్టల్ వెనక బండరాళ్ళున్నాయే, అవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి. ఈ వారం ఉన్న బండ వచ్చే వేసవికి పునాది గొయ్యి కావచ్చు. అరకు లోయను లక్షమంది తీస్తారు. ఆ బండను తీసేవాడు మీరొక్కరే!

ఇంకో పెద్ద సంగతి. హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మీద 2025లో పెద్ద గొడవ నడిచింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపమంది. ఆ రోజుల్లో నిజం ఫోటోలతో పాటు ఏఐతో పుట్టించిన బొమ్మలూ ఫోన్లలో తిరిగాయి. దాంతో ఏం జరుగుతుంది? నిజంగా అక్కడికి వెళ్ళి తీసినవాడి ఫోటోను కూడా జనం అనుమానంగా చూస్తారు!

ఏఐ దాకా ఎందుకు, లెన్సు కూడా అబద్ధమాడగలదు. జింకకు రెండువందల గజాల వెనక యంత్రం ఉందనుకోండి. పొడుగు లెన్సుతో తీస్తే దాని వీపు మీదే ఉన్నట్టు వస్తుంది. వెడల్పు లెన్సుతో తీస్తే ఎక్కడో చుక్కలా ఉంటుంది. రెండూ నిజం కెమేరాతో తీసినవే. తేడా నిలబడిన చోటులో ఉంది. అందుకే అలాంటి చోట ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, రెండూ తీయండి. కెమేరాలో తేదీ, టైము సరిగా పెట్టుకోండి. మార్పులు చేయని రా ఫైలు దాచుకోండి. ఎవరైనా "ఇది నిజమేనా?" అంటే "ఇక్కడ నిలబడ్డాను, ఇన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశాను" అని ధైర్యంగా చెప్పగలగాలి. ఆ జవాబు ఏ బొమ్మలు పుట్టించే యంత్రమూ ఇవ్వలేదు.

లెన్సు ఎంచుకోవడం అంటే చివరికి అదే. ఎంత దగ్గరగా వెళ్ళదలిచారు, ఎంత దూరంలో ఆగదలిచారు అన్నదే. అది తెలిశాక అరకు వెళ్ళండి, లడాఖ్ వెళ్ళండి, ఒక్క లెన్సుతోనే వెళ్ళండి. బ్యాగు తేలిక, మనసు తేలిక!

ఈ ఆదివారం కాల్‌షీట్ మీది. వసూళ్ళ లెక్క మాత్రం మర్చిపోకండేం!

(వచ్చేవారం: చెయ్యి వణికితే ఆదుకునే మూడుకాళ్ళ మిత్రుడు ట్రైపాడ్ కబుర్లు)